చలి సంగతి తెలిసినవాడు

ఆ మంగళవారానికి బాసీ తిండి ముట్టి పందొమ్మిది రోజులు. వెర్న్ కొవాలిక్ పొద్దున్నే వంటింటి బల్ల మీద పాత తువ్వాలు పరిచాడు. ఉడికించిన గుమ్మడి ముక్కనీ అరచెంచాడు కుక్కల తిండినీ ఫోర్కు వెనకవైపుతో మెత్తగా మెదిపి, గోరువెచ్చని నీళ్ళు కలిపి, సూది లేని సిరంజిలోకి పీల్చాడు. తర్వాత చేతులు రెండూ కుళాయి కింద వేణ్ణీళ్ళలో పెట్టి కాసేపు ఆగాడు. చల్లటి చేత్తో ముట్టుకుంటే దానికి గిట్టదు. నలభై ఏళ్ళు ఊళ్ళోవాళ్ళ ఫ్రిజ్జులు బాగుచేసిన చేతులు అవి, వేసవిలో కూడా చల్లగానే ఉంటాయి.

బాసీ మూరెడు పొడవు నలికిరి. నీలం నాలుక జాతి. పొట్టి కాళ్ళు, తల నించి తోక దాకా ఒకటే లావు. ఇరవై రెండేళ్ళ కిందట దాన్ని ఇంటికి తెచ్చిన నాడు వెర్న్ భార్య బెర్నీస్, "ఇదేం జంతువయ్యా, కసాయి కొట్లో వేలాడే కిల్బాసాకి కాళ్ళు మొలిచినట్టుంది" అంది. ఆ సాసేజ్ పేరే దానికి స్థిరపడి, వాడుకలో బాసీ అయింది.

"నోరు తెరవ్వే తల్లీ. ఒక్క చుక్క. నీకు పుణ్యముంటుంది."

బాసీ తెరవలేదు. ఇదివరకైతే సిరంజి చూడగానే బుస్సుమని ఆ నీలం నాలుక మొత్తం బయటపెట్టి బెదిరించేది. ఆ బెదిరింపు చూసి వెర్న్ ఇరవై రెండేళ్ళుగా భయపడినట్టు నటిస్తూనే ఉన్నాడు. ఇవాళ అది గడ్డం తువ్వాలు మీద ఆనించి కళ్ళు సగం మూసుకుంది. పెదవుల అంచున పెట్టిన గుజ్జు కిందికి కారింది. అతను బొటనవేలితో తుడిచాడు.

"నేను మంచం పడితే నన్నూ ఇలాగే బుజ్జగిస్తావా?" పొయ్యి దగ్గర నించి బెర్నీస్ అడిగింది.

"నువ్వు నోరు తెరవని రోజొస్తే చూద్దాంలే."

ఆమె నవ్వింది కానీ గరిటె పక్కన పెట్టి వచ్చి, బాసీ వీపు మీద చెయ్యి వేసింది. "డాక్టరమ్మకి ఫోన్ చెయ్యి వెర్న్. నీ గుమ్మడికాయ వైద్యం చాలు" అంది.

మా ఊరికి పాముల్నీ తాబేళ్ళనీ చూసే డాక్టరు వచ్చింది నాలుగేళ్ళ కిందటే. అంతకు ముందు యంగ్స్‌టౌన్ చుట్టుపక్కల కుక్కకి జ్వరమొస్తే ముగ్గురు డాక్టర్లు, బల్లికి జబ్బు చేస్తే దేవుడే దిక్కు. డాక్టర్ అరోయో ముప్ఫై దాటని మనిషి, మెల్లిగా మాట్లాడుతుంది. బాసీ పొట్టని రెండు వేళ్ళతో తడిమి, ఎక్స్‌రే ఫోటో తీయించి, ఆ నల్లటి రేకుని దీపం ముందు పెట్టింది.

"కాలేయం నిండా గడ్డ కొవాలిక్ గారూ. కోసి తీసేది కాదు. మహా అయితే మూడు వారాలుంటుంది, అవి మంచి వారాలు కావు. నొప్పి మందు ఇస్తాను. కానీ నన్నడిగితే, త్వరగా సూది మందుతో విడుదల చెయ్యడమే న్యాయం. శనివారం పొద్దున ఖాళీ ఉంది."

వెర్న్ కొంతసేపు ఆ ఫోటో చూశాడు. బతుకుతుందని అతనేమీ అనుకోలేదు.

"సూదులొద్దమ్మా. ఈ ఇనప బల్ల అంటేనే దానికి హడల్. టైమొచ్చినప్పుడు ఇంట్లో నేనే చూసుకుంటాను. నలభై మూడింటిని సాగనంపాను నా చేతులతో."

"ఎలా?"

ఎంతమందికి చెప్పాడో ఆ మాట. కిందిగది మెట్ల మీద కూచోబెట్టి, భుజం తట్టి, ఇదే గొంతుతో. "ముందు ఫ్రిజ్జులో కూరల సొరుగులో ఓ గంట. మగత వస్తుంది. అప్పుడు తీసి పై అరలో, ఫ్రీజర్లో. అంతే. నిద్రలోనే పోతాయి. చల్లని నెత్తురు ప్రాణులు కదా, వాటికి చలంటే నిద్రే."

డాక్టరు కలం కింద పెట్టింది.

"ఎవరో ఒకరు చెప్పాలి కాబట్టి చెప్తున్నాను, ఏమీ అనుకోకండి. అది నిద్ర కాదు. చలికి కండలు బిగుసుకుపోయి కదల్లేవు, అంతే. నొప్పి తెలియడం ఆగిపోతుందని చెప్పలేం. అరవడానికి వాటికి గొంతు లేదు. వేళ్ళ కొసల నించి లోపలికి మంచు పలుకులు కట్టుకుంటూ వస్తాయి. బాసీ అంత ఒంటికి చాలాసేపు పడుతుంది."

వెర్న్‌కి మిగతావేవీ వినపడలేదు, మంచు పలుకులు అన్న మాట తప్ప. ఎన్ని వంటిళ్ళలో మోకాళ్ళ మీద కూచుని, ఎంతమంది ఇల్లాళ్ళకి చెప్పాడు ఆ మాట! "మాంసాన్ని నిదానంగా గడ్డ కట్టనివ్వకండమ్మా. నిదానమైతే మంచు పలుకులు లావుగా కడతాయి. అవి కండని లోపల్నించి చీల్చేస్తాయి. కరిగాక పళ్ళెం నిండా ఎర్రనీళ్ళు అందుకే." పంది మాంసం గురించి చెప్పాడు, స్ట్రాబెర్రీల గురించి చెప్పాడు. తన కిందిగదిలో ఉన్న పాత ఫ్రిజ్జు గురించి మాత్రం ఎన్నడూ అనుకోలేదు. పని తెలిసినవాడినని ఊరంతా అంటే తనూ నమ్మాడు.

"ఇప్పటి చదువుల్లో అలా చెప్తున్నారేమో" అన్నాడు, గొంతులో పౌరుషం తెచ్చుకుని.

"ఇప్పటి మాట కాదండీ. పాతికేళ్ళ పైమాటే."

అతను బాసీని దిండు గలీబులోకి ఎక్కించి, వేడినీళ్ళ సీసా దాని పక్కన సర్ది, కోటు గుండీలు పెట్టుకోకుండానే బయటికొచ్చాడు. రోడ్డు మీద చల్లిన ఉప్పు బూట్ల కింద కరకరలాడింది.

*

కిందిగదిలో ఆ ఫ్రిజ్జు ఇంకా ఉంది. పచ్చరంగుది, ఎవరో పారేస్తే తెచ్చి కంప్రెసరు మార్చాడు. ఇప్పుడందులో బెర్నీస్ బీరు సీసాలూ, క్రిస్మస్‌కి మిగిలిన గసగసాల రొట్టే పెట్టుకుంటోంది. దాని ముందు మెట్లు. ఆ మెట్ల మీద ఎవరెవరు కూచున్నారో వెర్న్ వరసగా చెప్పగలడు.

అప్పట్లో ప్రతి నెలా రెండో మంగళవారం అగ్నిమాపక స్టేషన్ హాల్లో సరీసృపాల క్లబ్బు. అరవైమందికి తక్కువ కాకుండా వచ్చేవాళ్ళు. పాములు దిండు గలీబుల్లో, తాబేళ్ళు గిన్నెలు కడిగే తొట్లలో. స్టీలు మిల్లులో పనిపోయిన మనుషులు కొండచిలువల్ని మెళ్ళో వేసుకుని పాలుతాగే పిల్లలతో మాట్లాడినట్టు మాట్లాడేవాళ్ళు. మంటల్లోకి దూకే ఫైర్‌మన్ ఒకడు చిన్న పాము నేలమీద పడితే కుర్చీ ఎక్కి నిలబడ్డాడు, పదేళ్ళు వాణ్ణి ఏడిపించారు. ఒక పెద్ద పాత్రలో కాఫీ, ఇంకో దాంట్లో క్యాబేజీ నూడుల్సు. ఎంత బాగుండేవి ఆ రోజులు! ఒకళ్ళ ప్రాణులకి బాగాలేకపోతే అందరికీ ముద్ద దిగేది కాదు. ఏ డాక్టరూ వాటిని ముట్టుకునేవాడు కాదు. "పారతో ఒక్కటెయ్యి, పీడా పోతుంది" అన్నాడొక డాక్టరు, తొమ్మిదేళ్ళ రొండా ఎదుటే, ఆ పిల్ల పెంచే ఇగ్వానా బల్లి రూడీ గురించి. ఆ సాయంత్రమే రొండా నాన్న పిల్లనీ రూడీనీ ఒకే కోటులో చుట్టుకుని వెర్న్ ఇంటికొచ్చాడు.

వెర్న్ ఆ పిల్లకి కోకో కలిపిచ్చి మెట్ల మీద పక్కన కూచున్నాడు. రూడీ కార్న్‌ఫ్లేక్స్ దొంగతనంగా ఎలా తినేదో ఆ పిల్ల చెప్పింది. ఇద్దరూ నవ్వారు. తను చేసినవాటిలో పుణ్యకార్యం ఏదైనా ఉంటే అదేనని వెర్న్ ఇన్నాళ్ళూ అనుకున్నాడు.

"నీకు తెలిసి చేశావా ఏమిటి?" డాక్టరు చెప్పిందంతా విని బెర్నీస్ అంది.

"తెలుసు బెర్నీస్. మాంసం గురించి తెలుసు."

ఆమె వెళ్ళి బాసీ గాజుపెట్టెలో దీపం సరిగ్గా లేదని సణుగుతూ సర్దింది.

*

బుధవారం వెర్న్ తన పాత స్నేహితుడు చెట్ మలన్‌చుక్ మంగలి షాపుకి వెళ్ళాడు. క్లబ్బు ఉన్నన్నాళ్ళూ కార్యదర్శి చెట్. ఉత్తరాలు తెరిచేదీ, మీటింగులో చదివేదీ అతనే. డెబ్భై మూడేళ్ళొచ్చినా కత్తెర వదల్లేదు.

"ఎవర్రా ఆ డాక్టరు? బొడ్డూడని పిల్ల" అన్నాడు చెట్ సంగతంతా విని, వెర్న్ మెడకి గుడ్డ బిగిస్తూ. "మనం తాబేళ్ళు పెంచేనాటికి దాని అమ్మకి పెళ్ళి కాలేదు. నువ్వు చేసింది మంచిపని. అందరూ చేశారు. తల తిన్నగా పెట్టు."

"పాతికేళ్ళ పైమాటంటోందిరా. అంటే మన క్లబ్బు నడుస్తున్నప్పటి మాట. ఎక్కడా ఎవరూ అనుకోలేదా? మనకి కబురే రాలేదా?"

కత్తెర ఎడమ చెవి వెనక ఆడుతోంది. ఆడుతూ ఆగింది. అద్దంలో చెట్ ముఖం కనిపిస్తోంది, అతను మాత్రం అద్దంలోకి చూడటం లేదు.

"ఉత్తరం వచ్చిందిరా" అన్నాడు.

"ఏం ఉత్తరం?"

"యూనివర్సిటీ వాళ్ళ దగ్గర్నించి. అన్ని క్లబ్బులకీ పంపారు. ఫ్రీజర్లో పెట్టొద్దు, బాధ పడతాయి, సభ్యులందరికీ చదివి వినిపించండని."

"నువ్వు చదవలేదు."

"ఎలా చదవనురా? ముందు రోజే నువ్వు గాబోర్ గాడి కొండచిలువని సాగనంపావు. మీటింగులో వాడు లేచి నీ పేరు చెప్పి భోరుమన్నాడు. అరవైమందీ నిలబడి చప్పట్లు. నువ్వు తల దించుకుని నిలబడ్డావు. ఉత్తరం నా జేబులో ఉంది."

"తర్వాత నెల చదవొచ్చుగా."

చెట్ దువ్వెనలో ఇరుక్కున్న వెంట్రుకలు ఊదాడు. "తర్వాత నెలకి అలవాటైపోయింది" అన్నాడు.

"ఎప్పుడొచ్చింది?"

"తొంభై ఎనిమిది."

రొండా రూడీని తెచ్చింది తొంభై తొమ్మిది చలికాలంలో. దాని తర్వాత ఇంకా ఎన్నో. వెర్న్ మెళ్ళో గుడ్డతోనే లేచాడు.

"ఒరే, సగమే అయింది, కూచో! నీ మనసు కష్టపెట్టడం ఇష్టంలేక చేశాన్రా" అని చెట్ వెనక నించి అంటూనే ఉన్నాడు.

"నా మనసు! నా మనసు కష్టపడకుండా వాటికి అప్పజెప్పావు కష్టం" అన్నాడు వెర్న్. గుడ్డ విప్పి కుర్చీ మీద పడేసి వెళ్ళిపోయాడు. యాభై ఏళ్ళ స్నేహంలో చెట్ మీద గొంతెత్తడం అదే మొదలు.

ఇంటికొస్తే బెర్నీస్ ఎగాదిగా చూసి, "ఇదేం క్షవరం? కుడివైపు మనిషికి అరవై, ఎడమవైపు మనిషికి ఎనభై" అంది. అతని మొహం చూసి నవ్వు ఆపుకుంది. విషయం విన్నాక వంటింటి కత్తెర తెచ్చి, కుర్చీలో కూచోబెట్టి, మిగతా సగం తనే కత్తిరించింది. చెట్‌ని తిట్టడానికి ఆమెకి చాలా మాటలు దొరికాయి.

గురువారం మధ్యాహ్నం బాసీ వెచ్చటి పలక మీద నించి నీళ్ళ పళ్ళెం దాకా నడవబోయి, ముందుకాళ్ళు మడతపడి, ముక్కు ఇసకలో గుచ్చుకుని అలాగే ఉండిపోయింది. వెర్న్ తీసి ముక్కుకంటిన ఇసక తడిగుడ్డతో తుడిచాడు. ఊపిరికి దాని డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి. అది పడే బాధ ఇప్పుడు కనిపిస్తోందా, లేక ఎప్పుడూ కనిపించేదే తను చూడనేర్చలేదా అని భయం వేసింది. ఫోన్ తీసి డాక్టరుకి శనివారం పొద్దున్నకి చెప్పేశాడు.

*

శుక్రవారం రొండా వచ్చింది. ఇప్పుడామె స్కూలు బస్సు నడుపుతుంది, ఇద్దరు పిల్లల తల్లి. ఈస్టరు ముందు నలభై రోజులూ శుక్రవారం మాంసం ముట్టరు కాబట్టి చర్చి ఆడవాళ్ళు ఆలుగడ్డ కూరి, పిరోగీలనే ఉడికించిన కజ్జికాయలు చేసి అమ్ముతారు. రెండు డజన్లు, వేయించిన ఉల్లిపాయలతో, వేడివేడిగా పట్టుకొచ్చింది.

"మిస్టర్ కె, మీ తలకేమైంది? ఎలుకలు కొరికాయా?"

"బెర్నీస్ కొరికింది."

రొండా గ్లవ్స్ తీసి గాజుపెట్టె ముందు గొంతుక్కూచుంది. చేతులు రుద్దుకుని వెచ్చచేసుకుని మరీ బాసీ తల నిమిరింది. ఆ అలవాటు ఆమెకి నేర్పింది వెర్నే.

"రేపు సూది వేయిస్తున్నారటగా, ఆంటీ ఫోన్లో చెప్పారు. ఎందుకండీ ఆ అవస్థ? ఆ మందుల కంపులో, తెలియని చేతుల్లో! నా రూడీకి చేసినట్టు చెయ్యండి. ఎంత హాయిగా పోయింది! మా పిల్లలకి ఇప్పటికీ కథలా చెప్తాను. కోకో తాగుతూ మెట్ల మీద కూచున్నాం, రూడీ లోపల నిద్రపోయింది అని."

ఆమె వెనక నించి బెర్నీస్ కళ్ళు పెద్దవి చేసి తల అడ్డంగా ఊపింది. వద్దు, చెప్పకు.

చెప్పకపోతే పోయేదేమీ లేదు. రూడీ ఎలాగూ తిరిగి రాదు. ఈ పిల్ల ఈ పిరోగీలు పెట్టి, నవ్వుతూ బస్సెక్కి వెళ్ళిపోతుంది. ఆ మెట్లూ ఆ కోకో ఆమెకి మిగులుతాయి, తనకీ మిగులుతాయి. వెర్న్‌కి చెట్ చొక్కా జేబు గుర్తొచ్చింది. ఆ మీటింగు రోజు అందులో మడిచిపెట్టిన కాగితం ఎంత తేలిగ్గా ఉండి ఉంటుందో తెలిసొచ్చింది.

"రొండా, కూచో."

"కూచునే ఉన్నానుగా."

"రూడీ నిద్రపోలేదమ్మా."

మొత్తం చెప్పాడు. డాక్టరు చెప్పినట్టే, మెత్తబరచకుండా. మాంసం సంగతి కూడా చెప్పాడు. చెట్ పేరు ఎత్తలేదు. ఫ్రీజరు తలుపు మూసింది చెట్ కాదు కదా. రొండా బాసీ తల మీద నించి చెయ్యి తీసింది. లేచింది. కోటు వేసుకుని వెళ్ళిపోయింది. గ్లవ్స్ గాజుపెట్టె మీదే ఉండిపోయాయి.

"చెప్పి ఏం బావుకున్నావు?" బెర్నీస్‌కి కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి. "ఆ పిల్ల దాచుకున్నదల్లా ఆ ఒక్క సాయంత్రం. దాన్నీ పాడు చేశావు."

"చెప్పకపోతే నాకూ చెట్‌కీ తేడా ఏముంది?"

"తేడా ఉండాలని ఆమెని ఏడిపించావా?"

ఆ మాట సూటిగానే తగిలింది. అందులో నిజం లేకపోలేదు. పిరోగీలు ఇద్దరూ ముట్టలేదు. ఉల్లిపాయల నెయ్యి గిన్నె చుట్టూ తెల్లగా పేరుకుపోయింది.

*

శనివారం ఎండ కాసింది. డాక్టర్ అరోయో ఇనప బల్ల మీద దుప్పటి పరిచి, దాని కింద వేడి సంచీ పెట్టి ఉంచింది. వెర్న్ అడక్కుండానే కుళాయి తిప్పి వేణ్ణీళ్ళు చూపించింది. అతను చేతులు వెచ్చచేసుకుని బాసీని ఎత్తుకున్నాడు.

"మొదటిది మత్తు. ఏమీ తెలియదు దానికి. రెండోది అది పూర్తిగా మునిగాకే."

మొదటి సూది భుజం కండలోకి దిగినప్పుడు బాసీ నాలుక బయటపెట్టింది. మొత్తం కాదు, కొస మాత్రం, నీలంగా. వెర్న్ ఎప్పటిలాగే ఉలిక్కిపడినట్టు తల వెనక్కి తీశాడు. బెర్నీస్ చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది.

పావుగంటలో దాని ఒళ్ళు అతని చేతుల్లో వదులైంది. ఎన్నో రోజుల తర్వాత ఆ డొక్కలు ఎగరకుండా మెల్లిగా ఆడాయి. రెండో సూది అయ్యాక డాక్టరు ఛాతీ మీద చల్లదనం తగలని జిగురు రాసి, గుండె చప్పుడు వినిపించే ఓ చిన్న గొట్టం ఆనించింది. గదిలోకి చప్పుడు వచ్చింది. దూరంగా ఎవరో చీపురుతో వాకిలి ఊడుస్తున్నట్టు.

"వీటి గుండె మొండిది, ఓ పట్టాన ఆగదు. బాసీ అయితే ఇక లేనట్టే, గుండె ఒక్కటే దాని పాటికది కొట్టుకుంటోంది. ఆగేదాకా నేను చూస్తూనే ఉంటాను. మీరు బయట కూచోవచ్చు."

"ఇక్కడే ఉంటాను" అన్నాడు వెర్న్.

నిలబడే ఉన్నాడు. మోకాలు నొప్పెడితే బరువు రెండో కాలి మీదికి మార్చుకున్నాడు. చీపురు ఆగుతుంది, అయిపోయిందనుకుంటాడు, మళ్ళీ ఒక్కసారి ఊడుస్తుంది. అతను కళ్ళు తిప్పుకోలేదు. డాక్టరు మధ్యలో రెండుసార్లు వెళ్ళి పక్కగదిలో ఓ కుక్కని చూసి వచ్చింది. గంటా ఇరవై నిమిషాల తర్వాత ఆ చప్పుడు మళ్ళీ రాలేదు. ఇంకో పావుగంట విని, డాక్టరు గొట్టం తీసేసింది. వెర్న్ బాసీ కాళ్ళు నాలుగూ పొట్ట కిందికి సర్ది, తువ్వాలు కప్పాడు. అప్పుడు గట్టిగా ఏడ్చాడు. ఇరవై రెండేళ్ళు మరి.

బయటి గదిలోకి వస్తే రొండా నిలబడి ఉంది. కళ్ళు వాచి ఉన్నాయి. చేతులు జేబుల్లో.

"ఎంతసేపు పట్టింది?" అని అడిగింది.

"గంటన్నర పైనే. పాపం, ఏమీ తెలియకుండా పోయింది" అంది బెర్నీస్.

"బాసీకి కాదాంటీ." రొండా వెర్న్ వైపే చూస్తోంది. "రూడీకి. రూడీకి ఎంతసేపు పట్టింది?"

ఓ ఐదు నిమిషాలు అనొచ్చు. అన్నా ఆమె కాదనదు, అనుకోవడానికి ఏదో ఒకటి దొరుకుతుంది ఆమెకి.

"తెలీదమ్మా. తెల్లారేదాకా నేను తలుపు తీసి చూడలేదు. ఏ ఒక్కదానికీ ఎప్పుడూ తీసి చూడలేదు."

"నేనడిగాను. ఒక్కసారి తీసి చూద్దామని. మీకు గుర్తుందా?"

"ఉంది."

"తీస్తే చలి పోతుంది, దాని నిద్ర చెడుతుంది అన్నారు."

"అన్నాను. చలి గురించి కాదు రొండా. చూడటానికి నాకు భయం."

వెర్న్ గోడవార బల్ల మీద కూలబడ్డాడు. అతని పక్కన చోటు ఉంది. రొండా అక్కడ కూచోలేదు. వెళ్ళి ఎదుటి బల్ల మీద కూచుంది, అతనికి సూటిగా ఎదురుగా. కానీ వెళ్ళిపోలేదు.